వించ్ ఉన్న ఫోర్ బై ఫోర్‌కి ఏ బ్యాటరీ వేయాలి?

పోయినేడాది వానాకాలంలో ఆదిలాబాద్ దగ్గర ఒక పత్తిచేను పక్క బండ్లబాటలో మా ఇసుజు వీ-క్రాస్ పికప్ దిగబడింది. నల్లరేగడి, ముందు రాత్రి వాన, ఇంక చెప్పేదేముంది. వేపచెట్టుకి పట్టీ చుట్టి, రోపు తగిలించి, వించ్‌తో (బండి ముందు బిగించిన, బ్యాటరీ కరెంటుతో రోపుని డ్రమ్ము మీద చుట్టి లాగే మోటారు) రెండు దఫాలు లాగితే ముందు చక్రాలు గట్టెక్కాయి. ఆ సంబరంలో, డ్రమ్ము మీద ఒక పక్కకే పోగుపడిన రోపు సర్దుదామని ఇంజిన్ ఆపాను. సర్ది వచ్చి తాళం తిప్పితే "టక్" అని ఒక్క చప్పుడు, అంతే. సెల్ఫ్ తీసుకోలేదు. తోసి స్టార్ట్ చేద్దామంటే వెనక చక్రాలు ఇంకా బురదలోనే ఉన్నాయి. చివరికి పక్క ఊరి ట్రాక్టర్ వచ్చింది, ట్రాక్టర్‌తో పాటు చూడ్డానికి ఊళ్ళో సగం మంది వచ్చారు.

ఆ బ్యాటరీ వేసి నాలుగు నెలలే. లేబుల్ మీద ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత నిల్వ ఉంటుందో చెప్పే అంకె) పెద్దగా ఉందని కొన్నాను, ఇంకేమీ చూడలేదు. అప్పట్నుంచి ఏ బ్యాటరీ చూసినా నేను అడిగేది ఒకటే: వించ్ తాగినంత తాగాక దీంట్లో ఇంకో సెల్ఫ్‌కి సరిపడా మిగులుతుందా? కింద రాసిందంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే. నాది శ్రీసిటీలో తయారైన ఇసుజు వీ-క్రాస్ కాబట్టి ఆ బండి లెక్కలో చెప్తున్నాను, థార్, గూర్ఖా ఏదున్నా పద్ధతి మారదు.

1. ముందు మీ వించ్ ఎంత కరెంటు తాగుతుందో చూడండి

వించ్ మాన్యువల్ చివర్లో ఒక పట్టిక ఉంటుంది, ఎంత లోడ్‌కి ఎన్ని ఆంపియర్లు అని. చాలామంది ఆ పేజీ తెరవరు. 9500 పౌండ్ల వించ్ అంటే దాదాపు 4300 కిలోలు. ఇలాంటిది ఖాళీగా తిరిగేటప్పుడే 60–80 ఆంపియర్లు తీసుకుంటుంది, నిండు లోడ్ మీద 400 దాటుతుంది. అన్నట్టు, ఆ 9500 అనేది డ్రమ్ము మీద రోపు ఒక్క వరసే మిగిలినప్పటి లెక్క, వరసలు పెరిగేకొద్దీ లాగే శక్తి తగ్గిపోతుంది.

మీకు మామూలుగా ఎంత పడుతుంది? టైరు లోతున దిగబడ్డ బండిని లాగాలంటే సుమారు బండి బరువంత బలం కావాలని ఒక మోటు లెక్క ఉంది. సామానుతో కలిపి మన బండి రెండు, రెండుంపావు టన్నులు అనుకుందాం. అంటే వించ్ మీద సగం లోడ్, 250 ఆంపియర్ల దరిదాపు. ఛాసిస్ బురదకి ఆనిందంటే మాత్రం లెక్క రెట్టింపు, నేరుగా 400 వైపు పోతుంది.

400 ఆంపియర్ల చొప్పున ఒక్క నిమిషం లాగితే బ్యాటరీ నుంచి దాదాపు 6.7 ఏహెచ్ పోతుంది. ఇంజిన్ నడుస్తోంది కదా, ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించేది) నింపదా అంటారు. నింపుతుంది, కానీ 100 ఆంపియర్ల ఆల్టర్నేటర్ కూడా ఐడిల్ మీద అందులో సగమో, కొంచెం ఎక్కువో ఇస్తుంది. లైట్లకీ, ఇంజిన్‌కీ పోగా 50 ఆంపియర్లు మిగిలాయనుకోండి, ఆ ఒక్క నిమిషం లాగుడుకి ఎనిమిది నిమిషాలు నింపాలి. పైగా నిండు లోడ్ మీద వించ్ నిమిషానికి ఒకటి రెండు మీటర్ల కంటే పెద్దగా కదలదు. పది మీటర్లు బయటికి రావాలంటే ఎన్ని నిమిషాలో మీరే వేసుకోండి.

అందుకే బ్యాటరీ కొనేముందు ఒక స్నాచ్ బ్లాక్ కొనండి. అంటే కప్పీ, నూతిలో చేద తోడే గిలక లాంటిదే, కాకపోతే ఇనుముది. రోపుని దాని గుండా తిప్పి మళ్ళీ బండికే తగిలిస్తే వించ్ మీద లోడ్ సగం అవుతుంది, కరెంటు కూడా దాదాపు సగానికి పడిపోతుంది. పని నెమ్మదిగా జరుగుతుంది, కానీ బ్యాటరీ బతుకుతుంది. బ్యాటరీ సైజు పెంచడం కంటే ఇది చాలా చవక.

2. బానెట్ ఎత్తి ట్రే కొలవండి

టేపు తీసుకుని పొడవు, వెడల్పు, పైన బానెట్ దాకా ఎత్తు, మూడూ రాసుకోండి. ఉన్న బ్యాటరీ మీద కోడ్‌ని ఫోన్లో ఫోటో తీయండి, టెర్మినళ్ళు ఎటున్నాయో కనబడేలా.

ఆ కోడ్ చదవడం తేలికే. 95డి31ఆర్ అని ఉందనుకోండి. 95 అనేది సామర్థ్యపు ర్యాంకు, ఏహెచ్ కాదు (షాపుల్లో కూడా కొందరు 95 ఏహెచ్ అనే చెప్తారు, నమ్మకండి). డి అనేది వెడల్పు, ఎత్తుల తరగతి. 31 అంటే పొడవు సెంటీమీటర్లలో. చివరి ఎల్ గానీ ఆర్ గానీ టెర్మినల్ ఎటున్నదో చెప్తుంది. అది తప్పు తెస్తే ప్లస్ కేబుల్ అందదు, అందేలా గుంజి బిగిస్తే కొన్నాళ్ళకి ఏ ఇనుప అంచుకో ఒరుసుకుని తగలబడుతుంది. డిన్ (యూరప్ కొలతల) రకాలు వేరు: వెడల్పు 175, ఎత్తు 190 మిల్లీమీటర్లు, పొడవు ఒక్కటే మారుతుంది. 70 ఏహెచ్ ఏజీఎం (ఈ రకం గురించి కింద చెప్తాను) 278, 80ది 315, 95ది 353 మి.మీ.

ట్రేలో పట్టే వాటిలో అన్నిటికంటే పెద్దది వేయండి, ట్రేని కోసి వేయకండి. బ్యాటరీని పట్టి ఉంచే క్లాంప్ సరిగ్గా కూర్చోకపోతే రాళ్ళదారిలో పది కిలోమీటర్లకే లోపల ప్లేట్లు ఊగి చిట్లుతాయి. ఆఫ్ రోడ్ బండ్లలో బ్యాటరీలు వయసైపోవడం కంటే ముందు ఊగులాటకే పోతుంటాయి.

3. రకం తేల్చుకోండి

ఇక్కడే గొడవంతా.

మామూలు యాసిడ్ బ్యాటరీ, అంటే డిస్టిల్డ్ వాటర్ పోసేదో, పోయనక్కరలేదని మూత బిగించి ఇచ్చేదో. చవక, ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది, వారంటీ కార్డు పట్టుకెళ్తే ఎక్కడైనా మాట్లాడతారు. సెల్ఫ్ కొట్టడానికి కావలసిన పెద్ద కరెంటు ఇస్తుంది. దీనికి పడనిది ఒకటే, పూర్తిగా డౌన్ అవ్వడం. నాలుగైదుసార్లు నేలకి దింపారంటే పాత సత్తువ రాదు.

ఏజీఎం: యాసిడ్‌ని గాజు పీచు చాపల్లో పీల్పించి ప్లేట్ల మధ్య బిగించి కూర్చోబెడతారు. ఒలకదు, ఊగదు, లోపలి అడ్డంకి తక్కువ కాబట్టి వించ్ అడిగిన కరెంటు ఠక్కున ఇస్తుంది, తిరిగి త్వరగా నిండుతుంది. జర్మన్ కార్లకీ, స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లకీ ఇవే రావడంతో ఇప్పుడు మన పట్నాల్లో దొరకడం కష్టం కాదు. కాగితం మీద వించ్‌కి ఇంతకంటే మంచిది లేదు. కానీ మన ఎండ ఉంది. బయట 44, 45 ఉంటే ఇంజిన్ పక్కన ఇంకా ఎంతో ఎక్కువ. లెడ్ బ్యాటరీకి 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు సగమవుతుందని ఒక లెక్క, ఏజీఎంలో ఎండిపోయిన నీరు మళ్ళీ పోయడానికి దారి కూడా లేదు. కాబట్టి బ్యాటరీ ఎగ్జాస్ట్‌కి దూరంగా ఉండి, చుట్టూ వేడి తగలకుండా కవచం ఉంటేనే ఆ డబ్బు గిట్టుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండల్లో రోజూ తిరిగే బండికైతే నేను మంచి మామూలు బ్యాటరీయే వేస్తాను, రెండేళ్ళకోసారి మారుస్తాను, బాధపడను.

ఈఎఫ్‌బీ అని మధ్యరకం ఉంది. మామూలు దానికంటే గట్టిది, ఏజీఎం కంటే చవక. మీ సైజులో దొరికితే తీసుకోండి.

లిథియం. బరువు సగం కూడా ఉండదు, అందరూ అడుగుతున్నారు, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్ళు లిథియం ఫ్యాక్టరీయే కడుతున్నారు. అయినా బానెట్ కింద ఇప్పుడప్పుడే వద్దంటాను. దాని లోపల బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ ఉంటుంది, మామూలుగా అమ్మే 100 ఏహెచ్ రకాల్లో అది 100 ఆంపియర్ల చుట్టుపక్కల దాకే ఒప్పుకుంటుంది. వించ్ 250 అడగ్గానే కట్ చేసేస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా అలా హఠాత్తుగా కట్ అయితే ఆల్టర్నేటర్ వోల్టేజ్ ఒక్కసారి ఎగిరి బండి ఎలక్ట్రానిక్స్ మీద పడుతుంది. వెనక ట్రేలో ఫ్రిజ్‌కీ, క్యాంప్ లైట్లకీ పెట్టుకుంటే మాత్రం బ్రహ్మాండం.

ఇక ఇంట్లో ఇన్వర్టర్ ట్యూబులర్ ఖాళీగా ఉంది, 150 ఏహెచ్, అది పెడితే ఎలా ఉంటుందని నన్నే ముగ్గురు అడిగారు. వద్దు. దాని ప్లేట్లు లావు, రాత్రంతా ఫ్యాను తిప్పడానికి పుట్టినవి, కొంచెం కొంచెంగా చాలాసేపు ఇస్తాయి. 300 ఆంపియర్లు ఒక్కసారి అడిగితే వోల్టేజ్ చతికిలపడుతుంది. చెరువుకీ మోటారు బావికీ ఉన్నంత తేడా: నీళ్ళు చెరువులోనే ఎక్కువ, కానీ పైపులోంచి ఎంత వేగంగా వస్తాయన్నదే మనకి కావలసింది.

4. లేబుల్ మీద ఏ అంకె చూడాలి

ఏహెచ్ అంటే ఇరవై గంటల పాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. 70 ఏహెచ్ బ్యాటరీ 3.5 ఆంపియర్ల చొప్పున ఇరవై గంటలిస్తుంది. అదే 400 చొప్పున గుంజితే భాగహారం ప్రకారం పదిన్నర నిమిషాలు రావాలి, నిజంలో అందులో సగం వచ్చినా గొప్పే. కరెంటు పెరిగేకొద్దీ చేతికొచ్చే ఏహెచ్ తగ్గిపోతుంది, లెడ్ బ్యాటరీ స్వభావమది.

చూడాల్సింది సీసీఏ, అంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు వోల్టేజ్ 7.2కి తగ్గకుండా ఎంత కరెంటు ఇస్తుందో ఆ అంకె. మన లంబసింగిలో కూడా సున్నా దగ్గరికే వస్తుంది, ఈ చలి లెక్క మనకెందుకని మొదట్లో నేనూ అనుకున్నా. చలి మాట పక్కన పెట్టండి, సీసీఏ ఎక్కువుంటే లోపలి అడ్డంకి తక్కువని అర్థం, అంటే వించ్ లాగేటప్పుడు వోల్టేజ్ తక్కువ కుంగుతుంది. వోల్టేజ్ కుంగితే మోటారు నెమ్మదిస్తుంది, అదే లోడ్‌ని ఎక్కువసేపు మోస్తుంది, వేడెక్కుతుంది. వించ్‌కి కరెంటు కలిపే స్విచ్, అంటే సోలినాయిడ్, టకటకలాడి దాని కాంటాక్టులు కాలి అతుక్కుపోయే ప్రమాదం కూడా ఉంది. అలా అతుక్కుంటే స్విచ్ వదిలినా వించ్ ఆగదు.

వార్న్ లాంటి వించ్ కంపెనీలు కనీసం 650 సీసీఏ ఉండాలంటాయి. నా మాట కూడా అదే, డీజిల్ ఇంజిన్ అయితే ఇంకొంచెం పైన. డి31 సైజులో ఆ అంకె అందుకునేవి దొరుకుతాయి, 70 ఏహెచ్ ఏజీఎంలో 760, 80లో 800 దాకా వస్తుంది. మన లేబుళ్ళ మీద ఈ అంకె చాలాసార్లు ఉండదు. షాపాయన్ని డేటా షీట్ చూపించమనండి, లేదా కంపెనీ సైట్లో మోడల్ నంబర్ కొట్టి చూసుకోండి. రిజర్వ్ కెపాసిటీ అని నిమిషాల్లో ఇంకో అంకె ఉంటుంది. ఆల్టర్నేటర్ చచ్చిపోతే 25 ఆంపియర్ల మీద ఎంతసేపు నడుస్తుందనేది అది. సీసీఏ సమానంగా ఉన్న రెండింటిలో ఇది ఎక్కువున్నది తీసుకోండి.

5. షాపులో

మల్టీమీటర్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. సిగ్గుపడకండి.

మొదట తయారీ తేదీ. ప్రతి కంపెనీకీ ఒక కోడ్ ఉంటుంది, షాపాయన చేతే చదివించండి. మూడు నెలల లోపుదైతే సరే, ఆరు నెలలు దాటితే వద్దు. అల్మరాలో కూర్చున్న లెడ్ బ్యాటరీ తనంతట తానే డౌన్ అవుతూ ఉంటుంది, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా మునుపటంత పట్టదు. నా ఆదిలాబాద్ బ్యాటరీ సంగతి ఇదే. ఆ ట్రాక్టర్ రోజు తర్వాత కోడ్ విప్పి చూస్తే, నేను కొనేటప్పటికే దానికి తొమ్మిది నెలలు.

తర్వాత వోల్టేజ్. మామూలుది 12.6 పైన, ఏజీఎం 12.8 దగ్గర చూపించాలి. 12.4 చూపిస్తే పాతిక శాతం ఖాళీ. పోయినవారం మా తమ్ముడి కోసం వెళ్ళినప్పుడు జరిగిన సంభాషణ:

"ఇది 12.3 చూపిస్తోంది అన్నా."

"బండికి పెట్టి ఓ రౌండ్ తిప్పండి సార్, అదే ఎక్కుతుంది."

"ఎక్కేది మీ ఛార్జర్ మీద ఎక్కించి ఇవ్వండి, సాయంత్రం వస్తాం."

ఆయన ఒక నిమిషం మమ్మల్ని చూసి, లోపలికెళ్ళి వేరేది తెచ్చాడు. అది 12.7.

లోడ్ టెస్ట్ కూడా అడగండి. చేతిలో పట్టుకునే డిజిటల్ టెస్టర్ ఇప్పుడు చాలా షాపుల్లో ఉంది, పది సెకన్ల పని, సీసీఏ ఎంతుందో చూపిస్తుంది. నిజంగా కరెంటు గుంజి చూసే రకమైతే సీసీఏలో సగం లోడ్ వేసి 15 సెకన్లు ఉంచాలి, 9.6 వోల్టుల కిందికి పడకూడదు. కొత్తదానికి టెస్ట్ ఎందుకు సార్ అంటారు. కొత్తదే కదా, పాసవుతుంది, చేయండి అనండి.

వారంటీ కార్డులో రెండు ముక్కలుంటాయి, ఇన్ని నెలలు ఫ్రీగా మార్చడం, ఆ తర్వాత ఇన్ని నెలలు తగ్గింపు ధరకి మార్చడం. రెండూ కలిపి పెద్ద అంకె చెప్తారు, మీరు మొదటిదే లెక్కలోకి తీసుకోండి. వించ్ లాంటివి తగిలిస్తే వారంటీ ఉంటుందా లేదా కార్డు వెనక చదవండి. బ్రాండ్ గురించి నాకు పట్టింపు లేదు. తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ అయినా, ఎక్సైడ్ అయినా, మీరు తిరిగే దారిలో సర్వీస్ ఉన్నదే మంచిది. మారేడుమిల్లి వైపు ఎక్కువ వెళ్తే రంపచోడవరంలో ఏది మారుస్తారో కనుక్కోండి.

6. రెండో బ్యాటరీ అవసరమా?

నెలకోసారి దిగబడి, ప్రతిసారీ వేరే బండి తోడుగా ఉండేవాళ్ళకి అక్కర్లేదు. ఒంటరిగా అడవుల్లోకి వెళ్తే కావాలి. అప్పుడు వించ్ ఒకదాని మీద, సెల్ఫ్ ఇంకోదాని మీద పెట్టి, మధ్యలో ఐసోలేటర్ రిలే వేయండి. ఇంజిన్ నడిచి వోల్టేజ్ 13.3 దగ్గరికి రాగానే రెంటినీ కలిపి, 12.8కి తగ్గగానే విడదీసే రకం సరిపోతుంది. రెండూ ఒకే రకం, ఒకే వయసు ఉంటే మంచిది. అంత ఖర్చు వద్దనుకుంటే సీటు వెనక ఒక జంప్ స్టార్టర్ (బ్యాటరీ డౌన్ అయితే సెల్ఫ్‌కి కరెంటిచ్చే చిన్న పెట్టె) పెట్టుకోండి, కానీ ఎండలో మూసిన బండిలో దాన్ని వదిలేయకండి.

7. కేబుల్, ఎర్తు

కొత్త బ్యాటరీ వేసి పాత సన్నని కేబుల్ ఉంచితే డబ్బు దండగ. వించ్‌తో వచ్చిన కేబుల్ పొడవు సరిపోకపోతే సన్నది అతికించకండి, 35 చదరపు మి.మీ. రాగి తీగకి తగ్గకుండా, దూరం ఎక్కువైతే 50ది వేసి లగ్గులు (బోల్టుకి తగిలించే కేబుల్ కొసలు) హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి, సుత్తితో కాదు. ప్లస్ లైన్లో చేతికందేచోట కరెంటు పూర్తిగా ఆపేసే ఐసోలేటర్ స్విచ్ ఒకటి. మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ పెట్టె ఉన్న బండైతే వించ్ మైనస్‌ని సెన్సర్ దాటాక, ఛాసిస్ వైపు పాయింటుకి బిగించండి, నేరుగా టెర్మినల్‌కి కాదు. లేకపోతే ఎంత కరెంటు పోయిందో బండికి తెలియదు, సరిగ్గా నింపదు.

8. బిగించాక బురదలో కాదు, మైదానంలో పరీక్షించండి

పొడి నేల మీద, స్నేహితుడి బండిని ఎదురుగా పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి బ్రేక్ కొంచెం తొక్కి పట్టమనండి. రోపు మీద తడి గోనెసంచో దుప్పటో వేయండి, మనుషుల్ని దూరంగా నిలబెట్టండి. మల్టీమీటర్ మొనలు బ్యాటరీ టెర్మినళ్ళకే పెట్టి, ఇంజిన్ కొంచెం రేజ్ చేసి ముప్పై సెకన్లు లాగండి. 11 పైన నిలిస్తే బాగుంది. 10.5కి వస్తే ఆపేయండి: బ్యాటరీయో, కనెక్షనో సరిగా లేదు. బ్యాటరీ దగ్గర 11.5 ఉండి వించ్ దగ్గర 10 ఉందంటే తప్పు కేబుల్‌ది. ఈ ఒక్క కొలతతో షాపుతో సగం వాదనలు తప్పుతాయి.

నిమిషం లోపు లాగి, ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే రెండు మూడు నిమిషాలు ఊపిరి పీల్చుకోనివ్వండి. ఇలా మూడుసార్లు చేసి, నాలుగోసారి ఇంజిన్ ఆపి పది నిమిషాలాగి సెల్ఫ్ కొట్టండి. గట్టిగా తిరిగితే మీ బ్యాటరీ పాసైనట్టే. బద్ధకంగా తిరిగితే అది ఇంటి దగ్గరే తెలిసింది, సంతోషించండి.

ఒక తెల్ల టేపు ముక్క మీద కొన్న తేదీ, ఆ రోజు లోడ్ మీద చూసిన వోల్టేజ్, మార్కర్‌తో రాసి బ్యాటరీ పక్కన అంటించండి. ఆరు నెలలకోసారి అదే పరీక్ష చేసి కింద ఇంకో అంకె రాయండి. నా టేపు మీద ఇప్పటికి 11.3, 11.2, 11.2 ఉన్నాయి. 10.8 కనబడిన రోజు మార్చేస్తాను, వారంటీ మిగిలున్నా సరే.